ఎక్కే మనిషికి కుట్టిన బట్ట ఏదీ?

గుట్టలెక్కే పిల్లల దుస్తులు మన దర్జీలే తయారు చేయవచ్చు

భువనగిరి గుట్టను చూడనివారు మన ప్రాంతంలో అరుదు. హైదరాబాదు నుంచి వరంగల్లు వైపు రోడ్డున గాని, రైలులో గాని పోయేవారికి అది చాలా దూరం నుంచే కనిపిస్తుంది. కోడిగుడ్డు ఆకారంలో, ఐదు వందల అడుగులకు పైగా లేచిన ఒకే ఒక్క రాయి అది. 1076 నుంచి 1126 వరకు పాలించిన పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరు మీదనే దానికి త్రిభువనగిరి అనే పేరు వచ్చి, వాడుకలో భువనగిరి అయింది. 2016 వరకు ఇది నల్లగొండ జిల్లాలోనిది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాకు ముఖ్యపట్టణం.

శత్రువు ఎక్కలేడనే నమ్మకంతో రాజులు ఆ రాతి మీద కోట కట్టుకున్నారు. ఎక్కడం నేర్పడానికి ఆ రాయే పనికి వచ్చింది. 2013లో సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలను కొందరిని ఎంపిక చేసి, పర్వతారోహకుడు శేఖర్‌బాబు ఆధ్వర్యంలో ఇక్కడ శిక్షణ ఇచ్చారు. వారిలో 20 మందిని డార్జిలింగ్ హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపించారు. చివరకు ఇద్దరు మిగిలారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఒకరు. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ మరొకరు. వీరిద్దరూ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు ప్రపంచంలో మరొకరు లేరు.

ఆ పిల్లల ధైర్యాన్ని గురించి పత్రికలు ఎంతో రాశాయి. 2017లో సినిమా కూడా వచ్చింది. కాని గుట్ట ఎక్కే పిల్లల ఒంటి మీది బట్ట గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. మంచుకొండ మీద తొడిగే దుస్తుల సంగతి వేరు. అవి మన ఊళ్లలో తయారయ్యేవి కావు. రాయి ఎక్కడం నేర్చుకునే చోట వేసుకోవలసిన లాగు, అంగీ మాత్రం మన దర్జీల చేతిలో పనే. అయితే ఆ పనిలో ఒక చిన్న కిటుకు వుంది. ఆ కిటుకును పాఠకులకు, ముఖ్యంగా కుట్టుపని చేసుకునే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గోడ దగ్గర ఒక పరీక్ష

ఇప్పుడే చేసి చూడదగిన పరీక్ష ఒకటి వుంది. మామూలు ప్యాంటు తొడుక్కుని ఇంటి ముందు అరుగు మీద ఒక కాలు పెట్టండి. ఏ ఇబ్బందీ వుండదు. ఇప్పుడు అదే కాలును నడుమెత్తు వున్న ప్రహరి గోడ మీద పెట్టబోండి. బట్ట మూడు చోట్ల పట్టేస్తుంది. ఒకటి మోకాలి మీద, రెండు పిరుదుల వద్ద, మూడు రెండు కాళ్ల కుట్లు కలిసే చోట. ఇంకా బలవంతం చేస్తే ఆ మూడో చోట చిరుగుతుంది. నాట్లు వేసేటప్పుడో, బండి ఎక్కేటప్పుడో ఈ అనుభవం లేని మగవాడు వుండడు.

ఇప్పుడు ఇంటి దూలాన్ని అందుకోబోతున్నట్లు రెండు చేతులూ పైకెత్తండి. అంగీ మొత్తం పైకి లేచి, నడుము దగ్గర దోపిన అంచు బయటకు వస్తుంది.

ఇందులో దర్జీ తప్పేమీ లేదు. కొలతలు తీసేటప్పుడు "నిటారుగా నిలబడు" అంటాడు. మనం నిలబడతాం. నిలబడిన మనిషికి సరిపోయే బట్ట కుట్టి ఇస్తాడు. పెళ్లికి, కచేరీకి, బడికి ఆ బట్ట చాలు. కాని రాయి ఎక్కేవాడు నిలబడి వుండడు. ఒక కాలు కింద, ఒక కాలు నడుము ఎత్తున, ఒక చేయి తల మీద, ఒక చేయి పక్కకు చాచి వుంటాడు. ఆ క్షణంలో బట్ట పట్టేసిందంటే అంగుళం దూరంలో వున్న పట్టు అందదు. అడుగు తప్పుతుంది. కనుక ఎక్కే మనిషికి బట్ట కుట్టాలంటే ఎక్కే భంగిమలోనే కొలతలు తీయాలి. మిగతావన్నీ ఈ ఒక్క మాటలో నుంచి వచ్చేవే.

గోచిలో వున్న తెలివి

ఈ చిక్కును మన పెద్దలు కుట్టు లేకుండానే విడదీశారు. ధోవతికి గోచి పెట్టి కట్టుకున్న రైతు మోట తోలేవాడు, చెట్టెక్కేవాడు, బావిలోకి దిగేవాడు. గోచి పెట్టి చీర కట్టిన ముసలమ్మలను మన పల్లెల్లో చూసినవారు ఇంకా వున్నారు. వారు ఆ చీరతోనే రోజంతా వంగి కలుపు తీసేవారు, గట్లు ఎక్కి దిగేవారు. ఆ కట్టులో రెండు కాళ్ల మధ్య కుట్టు వుండదు, మడతలుగా వదులు బట్ట వుంటుంది. కాలు ఎంత లేపితే మడత అంత విప్పుకుంటుంది. దించితే మళ్లీ ముడుచుకుంటుంది.

కుట్టిన బట్టలో ఆ వదులును తెచ్చే ఉపాయం కూడా పాతదే. పాతకాలపు పైజామాలు చూసినవారికి తెలుసు. రెండు కాళ్ల కుట్లు ఒకే చుక్క దగ్గర కలవకుండా మధ్యలో నాలుగు పలకల ముక్క ఒకటి వేస్తారు. దాన్నే ఉర్దూలో మియానీ అంటారు. లాల్చీ చంకల కింద వేసే ముక్క కూడా అదే జాతిది. నాలుగు కుట్లు ఒకే చోట కలిస్తే లాగుడు అంతా ఆ ఒక్క చోట పడి పిగులుతుంది. మధ్యలో ముక్క పడితే ఆ లాగుడు నాలుగు మూలలకు పంచుకుపోతుంది. పైగా కాలు పక్కకు చాచడానికి కావలసిన బట్ట దొరుకుతుంది.

ప్యాంట్ల మోజు వచ్చాక ఖర్చు తగ్గించడానికి, చూడటానికి సన్నగా వుండటానికి ఈ ముక్కను మానేశారు. అమెరికాలో మైక్ గ్రాహం అనే రాళ్లెక్కే యువకుడు 1982లో గ్రామిచి అనే పేరుతో దుస్తుల వ్యాపారం మొదలుపెట్టాడు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో నిలువు రాతిగోడలు ఎక్కిన అనుభవం అతనిది. అతని ప్యాంటుకు పేరు తెచ్చిన విశేషం మరేమీ కాదు, కాళ్ల మధ్య వేసిన ఆ ముక్కే. నడుముకు విడిగా బెల్టు అవసరం లేకుండా బట్టతోనే కుట్టిన పట్టీ కూడా పెట్టాడు. ఈనాడు లోకమంతటా రాళ్లెక్కేవారు తొడిగే ప్యాంట్లలో ఆ ముక్క సాధారణమైపోయింది. మన పైజామాలో వున్న తెలివే వేల రూపాయల ధరతో దుకాణాల్లో కనిపిస్తున్నది.

విదేశాల్లోనూ ఇదే తిప్పలు

ఇతర దేశాల వారికి ఈ పాఠం సులభంగా వంటబట్టిందని అనుకోనవసరం లేదు. 1871లో లూసీ వాకర్ అనే ఇంగ్లీషు స్త్రీ ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ శిఖరాన్ని ఎక్కింది. స్త్రీలలో ఆ శిఖరం ఎక్కిన మొదటి వ్యక్తి ఆమెయే. పొడవాటి పావడాతోనే ఆ కొండ ఎక్కవలసి వచ్చింది. ఇరవైనాలుగేళ్ల తర్వాత 1895లో అమెరికాకు చెందిన ఆనీ పెక్ అదే శిఖరాన్ని లాగు తొడుక్కుని ఎక్కితే, శిఖరం ఎక్కినందుకు కన్నా లాగు తొడిగినందుకే ఎక్కువ గొడవ జరిగింది.

మగవారి అంగీ సంగతి చూద్దాం. పరికరాల తాళ్లను భుజాన వేసుకుని ఎక్కేటప్పుడు అవి మెడను కోస్తాయి. 1970లో అమెరికా పర్వతారోహకుడు ఇవాన్ షునార్డ్ స్కాట్లండు వెళ్లినప్పుడు అక్కడ రగ్బీ ఆటగాళ్లు వేసుకునే దళసరి అంగీ ఒకటి కొన్నాడు. దాని గట్టి కాలరు మెడకు తాళ్లు ఒరుసుకోకుండా కాపాడింది. తోటివారు తమకూ కావాలని అడిగారు. తర్వాత ఆయన పెట్టిన పటగోనియా అనే పెద్ద దుస్తుల కంపెనీ కథ అక్కడే మొదలయింది.

అదే 1970లో హిమాలయాల్లోని అన్నపూర్ణ దక్షిణ ముఖం ఎక్కడానికి బ్రిటిష్ బృందం వచ్చింది. అందులోని డాన్ విలన్స్ అనే ఆయన నడుముకు, తొడలకు కలిపి పట్టీల కట్టు ఒకటి రూపొందించాడు. ఈనాడు హార్నెస్ అంటున్నది ఈ జాతిదే. అంతకుముందు ఎక్కువ మంది తాడును నడుముకు చుట్టి ముడి వేసుకునేవారు. పడితే ఆ తాడు కడుపును, పక్కటెముకలను నొక్కేది. తొడలకూ పట్టీలు వచ్చాక మనిషి బరువు కూర్చున్నట్లుగా పంచుకుపోయింది.

ఈ ముగ్గురిలో ఎవరూ గదిలో కూర్చుని ఆలోచించి కనిపెట్టలేదు. ఎక్కుతున్నప్పుడు ఎక్కడ ఒరుసుకుంటున్నదో, ఎక్కడ పట్టేస్తున్నదో చూసి మార్చుకున్నారు. ఆ పని ఇక్కడా చేయవచ్చు.

మన రాయి, మన ఎండ

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు గుట్టలు ఎక్కువగా గ్రానైటు జాతి రాళ్లు. భువనగిరి, రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ ఏది చూసినా ఉల్లిపొరల్లాగా పొరలు విడిపోయి నున్నగా గుండ్రమైన బండలే. దూరానికి నున్నగా కనిపించినా చేయి పెట్టి చూస్తే గరుకు కాగితంలాగా వుంటుంది. ఆ గరుకే ఎక్కేవాడికి ఆధారం. అరికాలి రాపిడి మీద నమ్మకంతోనే ఏటవాలు బండలు ఎక్కుతారు. అయితే పాదాన్ని పట్టుకునే గరుకే బట్టను తినేస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు మోకాళ్లు ఆనిస్తారు. అలా ఆనించవద్దని గురువులు చెబుతూనే వుంటారు. దిగేటప్పుడు భయపడి కూర్చుని జారుతారు. కనుక ముందుగా పోయేది మోకాళ్లు, పిరుదులు, మోచేతులు.

రెండోది ఎండ. వేసవిలో మధ్యాహ్నానికి బండ పెనంలా కాలుతుంది. అందుకే తెల్లవారుజామున గాని, పొద్దు వాలాక గాని ఎక్కాలి. ఎండలో వున్నంతసేపు లేత రంగు బట్ట, పూర్తి చేతుల అంగీ మేలు. చర్మం కాలదు, గీరుకుపోదు. కాని బండ రంగులో కలిసిపోయే బూడిద రంగు, మట్టి రంగు వద్దు. పైన ఎవరు ఎక్కడ వున్నారో కింద తాడు పట్టుకున్న మనిషికి కనిపించాలి.

ఏ గుడ్డ మంచిది అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. పూర్తి నైలాను, పాలిస్టరు గుడ్డ తేలిక, త్వరగా ఆరుతుంది, చిరగదు. కాని ఉక్కపోస్తుంది. తాడు రాపిడి వేడికి నైలాను కరుగుతుంది కూడా. సుమారు 220 నుంచి 260 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య అది కరిగిపోతుంది. తాడు వేగంగా ఒరుసుకుపోతే కరిగిన గుడ్డ చర్మానికి అంటుకునే ప్రమాదం వుంది. నూలు గుడ్డ కరగదు, చెమట పీలుస్తుంది, మన ఎండకు చల్లగా వుంటుంది. కాని తడిస్తే బరువెక్కి నెమ్మదిగా ఆరుతుంది. చలి కొండల మీద తడి నూలు గుడ్డ ప్రాణానికే ముప్పు. భువనగిరి గుట్ట మీద ఆ భయం లేదు. కనుక మన వద్ద శిక్షణకు దళసరి నూలు డ్రిల్లు గాని, టెరికాటన్ గాని సరిపోతుంది. హిమాలయాలకు పంపేటప్పుడు మాత్రం ఈ బట్టలతో పంపకూడదు.

చేనేత గుడ్డ పనికి వస్తుందా?

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట మగ్గాలున్న ప్రాంతంలో ఈ ప్రశ్న రాక తప్పదు. నిజం చెప్పుకోవాలి. చీరకు నేసే పలుచని చిటికీ గుడ్డ గుట్ట మీద లాగుకు ఆగదు. ఒక్క జారుడుకు పోతుంది. అయితే చేనేతకు ఈ పనిలో చోటే లేదని అనడం కూడా తప్పు.

1924లో ఎవరెస్టు మీద కనిపించకుండా పోయిన ఇంగ్లండు పర్వతారోహకుడు జార్జ్ మాలరీ దేహం 1999లో దొరికింది. ఆయన ఒంటి మీద పట్టు, నూలు, ఉన్ని బట్టలు పొరలు పొరలుగా వున్నాయి. ఆ ముక్కల ఆధారంగా అవే దుస్తులను మళ్లీ తయారు చేయించి 2006లో ఎవరెస్టు మీదనే తొడిగి పరీక్షించారు. అవి అనుకున్నదాని కన్నా తేలికగా, కదలడానికి హాయిగా వున్నాయని తేలింది. పట్టు పొర ఉన్ని పొర మీద జారుతుంది కాబట్టి చేయి, కాలు ఆడించడం సులువయింది. అంటే గుడ్డ ఏదన్నది ఎంత ముఖ్యమో, ఏ పొర ఎక్కడ వుందన్నది కూడా అంతే ముఖ్యం.

ఈ సూత్రం మన నేతగాళ్లకు కొత్త కాదు. గద్వాల చీరలో ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. రెంటినీ వేరుగా నేసి కలుపుతారు. ఏ చోటుకు ఏ పోగు కావాలో ఎరిగిన పని అది. గొల్ల కురుమల గొంగడి చూడండి. దక్కను గొర్రె ఉన్నితో నేసి చింతగింజల గంజి పట్టిస్తారు. వానకు గొడుగు, చలికి దుప్పటి, ముళ్లకు అడ్డు. ఏ పనికి ఏ గుడ్డ అన్నది వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి నూలును నానబెట్టి నేసే ఆ రుమాలు తలకు చల్లదనం ఇస్తుందని పేరు. శిరస్త్రాణం కింద చెమట కళ్లలోకి కారకుండా ఒక పొర పలుచని రుమాలు కట్టుకోవచ్చు. తలపాగాలాగా చుట్టితే మాత్రం శిరస్త్రాణం సరిగా కూర్చోదు. అది ప్రమాదం.

కనుక లాగుకు దళసరి గుడ్డ, అంగీకి మెత్తని చేనేత గుడ్డ, మోకాళ్లకు, పిరుదులకు రెండో పొర అని విభజించుకుంటే మన మగ్గానికీ పని దొరుకుతుంది. రెండు పోగులు పేనిన నూలుతో ఏటవాలు గీతల నేత నేయగలిగితే లాగు గుడ్డ కూడా ఇక్కడే తయారు కావచ్చు.

ఆడపిల్లల విషయంలో

గురుకులాల నుంచి గుట్టలెక్కడానికి వచ్చేవారిలో ఆడపిల్లలు వున్నారు. వారి దుస్తుల గురించి విడిగా చెప్పవలసిన అవసరం ఎంతైనా వుంది. పంజాబీ డ్రెస్సు పైజామా ఎక్కడానికి మంచిదే, వదులుగా వుంటుంది. చిక్కంతా చున్నీతో, పొడవాటి పైఅంగీతో.

తాడు సాయంతో కిందికి దిగేటప్పుడు తాడు నడుము ముందరి లోహపు బిళ్ల గుండా జారుతుంది. ఆ బిళ్ల జంట రోకళ్ల మధ్య వడ్లను లాగినట్లు దగ్గరికి వచ్చిన దేన్నయినా లోపలికి లాగేస్తుంది. చున్నీ కొస, అంగీ అంచు, జడ కొస ఏది చిక్కినా పిల్ల మధ్యలో వేలాడవలసిందే. అందుచేత చున్నీ గుట్ట కిందనే వుంచాలి. అంగీ తొడ సగం దాకా మాత్రమే వుండి, పట్టీల కట్టు కిందికి దోపుకునేలా వుండాలి. జడను కింద వేసి అంగీ లోపలికి దోపాలి. నడినెత్తిన కొప్పు వుంటే శిరస్త్రాణం పట్టదు. గాజులు, ఉంగరాలు తీసివేయాలి. పగులులో వేలు ఇరికి కాలు జారితే ఉంగరం వేలినే ఊడదీస్తుంది. ఈ నియమం మగపిల్లలకూ వర్తిస్తుంది. వారికి మొలతాడు మరో చిక్కు. పట్టీల కట్టు కింద నలిగి నడుమును కోస్తుంది. పైకి జరుపుకోవడమో, ఆ పూటకు తీసివేయడమో చేయాలి.

మరొక మాట. చున్నీ లేకుండా పిల్ల గుట్ట ఎక్కడమేమిటని పెద్దలు సంకోచించవచ్చు. అంగీ గుడ్డ దళసరిగా, కుట్టు వదులుగా వుంటే ఆ సంకోచానికి తావు లేదు. పిల్ల బట్ట సర్దుకోవడం మీద కాక పట్టు మీద మనసు పెడుతుంది. 1895లో ఆనీ పెక్ లాగు మీద జరిగిన గొడవ ఇప్పుడు మన పిల్లల మీద జరగవలసిన పనిలేదు.

దర్జీలకు కొన్ని కొలతలు

ఇక కుట్టుపని చేసేవారికి పనికివచ్చే వివరాలు.

మొదట మామూలు కొలతలు తీయండి. తర్వాత మనిషిని ఒక కాలు కుర్చీ మీద పెట్టమని, మోకాలు రొమ్ము వైపు వంచమని చెప్పండి. ఆ భంగిమలో వెనుక నడుము నుంచి పిరుదుల మీదుగా మోకాలి వరకు టేపు పెట్టి కొలవండి. నిలబడినప్పటి కొలతకు, దీనికి వున్న తేడాయే మీరు ఇవ్వవలసిన వదులు. ఆ వదులును నడుము చుట్టూ ఇస్తే లాగు జారుతుంది. వెనుకవైపు ఎత్తులో ఇవ్వండి.

కాళ్ల మధ్య నాలుగు పలకల ముక్క వేయండి. పెద్దవారికి నాలుగైదు అంగుళాల ముక్క చాలు. పిల్లలకు ఇంకా చిన్నది. ఆ ముక్కను నిలువు పోగు మీద కాక ఏటవాలుగా కత్తిరించండి. ఏ నేత గుడ్డయినా ఏటవాలుగా లాగితే సాగుతుంది. క్రాసు కటింగు జాకెట్టు కుట్టే అక్కచెల్లెళ్లకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. జాకెట్టులో వాడే ఆ నేర్పే ఇక్కడా పనికి వస్తుంది.

మోకాలి దగ్గర రెండు పక్కలా చిన్న మడతలు కుడితే గుడ్డ ముందే వంగి వుంటుంది. కాలి అంచు వెడల్పుగా వుంటే పాదం కనిపించదు. పాదం ఎక్కడ పెడుతున్నాడో చూడలేనివాడు ఎక్కలేడు. ఒకప్పటి బెల్‌బాటమ్ ఫ్యాషను గుట్ట మీద పనికిరాదు. చీలమండ వద్ద నాడా గాని, ఎలాస్టిక్ గాని వేయండి.

నడుముకు లావు బెల్టు, ఇనుప బకిలీ వద్దు. పట్టీల కట్టు వాటి మీదనే బిగుసుకుంటుంది. చదునైన పట్టీ, లోపల నాడా మేలు. వెనుక జేబులు అనవసరం. జేబు కావాలంటే తొడ పక్కన, తొడ పట్టీకి కింద, జిప్పుతో పెట్టండి.

అంగీ విషయంలో చాలామంది పొరబడతారు. వదులు కావాలని చంక కోతను కిందికి దించుతారు. అలా చేస్తే చేయి ఎత్తినప్పుడు అంగీ మొత్తం పైకి లేస్తుంది. చంక కోత ఒంటికి దగ్గరగా, పైకి వుండాలి. కదలికకు కావలసిన వదులు చంక కింది ముక్క ఇస్తుంది. అంగీ వెనుక అంచు కొంచెం పొడవుగా వుంటే దోపినది ఊడిరాదు. దోపడం చూపు కోసం కాదు. పట్టీల బకిలీ, తాడు ముడి స్పష్టంగా కనిపించాలి. ఎక్కే ముందు పక్కవాడు చూసి సరిచూడాలి.

కుట్టుకు నూలు దారం కన్నా పాలిస్టరు దారం బలం. అంచులను ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరుసలు కుట్టండి. జీన్సు ప్యాంటు కాలి కుట్టు చూస్తే ఇది అర్థమవుతుంది. కాలితో తొక్కే పాత మిషను మీద కూడా ఈ కుట్టు వస్తుంది. కుట్టిన తర్వాత బట్ట ఇచ్చి పంపివేయకండి. తొడిగించి, గొంతుకు కూర్చోబెట్టి, ఒక కాలు బల్ల మీద పెట్టించి, చేతులు ఎత్తించి చూడండి. ఎక్కడ పట్టేస్తే అక్కడ విప్పి సరిచేయండి.

చెట్టెక్కేవారి సంగతి

గుట్టలెక్కే పిల్లలు కొద్దిమంది. తాళ్లెక్కి బ్రతికే గౌడ సోదరులు మన రెండు జిల్లాల్లో ఊరూరా వున్నారు. వారికి ఇది ఆట కాదు, పొట్టకూటి పని. నడుముకు ముస్తాదు, చెట్టును చుట్టిన మోకు, కాళ్లకు గుజి, ఇవే వారి పరికరాలు. ముస్తాదుకు కత్తులు, లొట్టి తగిలించుకుంటారు. రాళ్లెక్కేవారి పట్టీల కట్టుకు పక్కన పరికరాలు తగిలించే ఉంగరాలు వుంటాయి. రెండూ ఒకే అవసరం నుంచి పుట్టినవి.

గీత కార్మికుడు చెట్టు మీద నుంచి పడి చనిపోవడం, నడుము విరిగి మంచాన పడటం మన ఊళ్లకు కొత్త వార్త కాదు. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గీత కార్మికులకు ‘కాటమయ్య రక్ష’ కిట్ల పంపిణీ ప్రారంభించారు. తాళ్లు, క్లిప్పులు, కాళ్ల పట్టీలు అందులో వున్నాయి. కొండలెక్కేవారి పద్ధతి ఆ విధంగా తాటిచెట్టు దగ్గరికి వచ్చింది. గీత కార్మికుల కులదైవం పేరు ఆ కిట్టుకు పెట్టడం బాగుంది.

కాని పట్టీలు ఒక్కటే ఇస్తే చాలదు. పట్టీ కింద ఏ బట్ట వుందన్నది కూడా చూడాలి. లుంగీ మీద తొడ పట్టీ సరిగా కూర్చోదు. ఒట్టి తొడ మీద పట్టీ ఒరుసుకుంటే పుండు పడుతుంది. పుండు పడిన మనిషి మర్నాడు ఆ కట్టును ఇంట్లో వదిలేసి పాత మోకుతోనే ఎక్కుతాడు. అతన్ని తప్పు పట్టి లాభం లేదు. మోకాళ్ల దాకా వచ్చే దళసరి నూలు లాగు, కాళ్ల మధ్య ముక్క, లోపలి తొడకు రెండో పొర, చెట్టుకు ఆనే ముంజేతులకు తొడుగు, రొమ్ముకు మందమైన గుడ్డ వున్న చేతులు లేని అంగీ, ఇవి వుంటే ఆ కట్టు రోజూ వాడకంలోకి వస్తుంది. గుట్టెక్కే పిల్ల కోసం కుట్టిన లాగుకు, చెట్టెక్కే తండ్రి కోసం కుట్టవలసిన లాగుకు పెద్ద తేడా లేదు.

చేయవలసిన పని

బట్ట ప్రాణం కాపాడుతుందని ఎవరూ భ్రమపడకూడదు. ప్రాణం కాపాడేది తాడు, ముడి, పట్టీల కట్టు, తలకు శిరస్త్రాణం, కింద తాడు పట్టుకున్న మనిషి. మంచి బట్ట వీటికి అడ్డు రాదు, అంతే. చెడ్డ బట్ట అడ్డు వస్తుంది. 

కనుక గురుకులాల అధికారులకు, చేనేత జౌళి శాఖకు, గీత కార్మిక సహకార సంఘాలకు ఒక విన్నపం. గుట్టలెక్కే పిల్లలకు, చెట్లెక్కే కార్మికులకు దుస్తులు కొనేటప్పుడు నగరంలోని దుకాణం వైపే చూడకుండా, భువనగిరిలోనో, దేవరకొండలోనో, గద్వాలలోనో నలుగురు దర్జీలను పిలిపించండి. వారిని గుట్ట కిందికి తీసుకువెళ్లి పిల్లలు ఎక్కుతుంటే చూడనివ్వండి. తాటివనంలోకి తీసుకువెళ్లి గీత కార్మికుని ఎక్కుడు చూడనివ్వండి. పది జతలు కుట్టించి ఒక నెల వాడి చూడండి. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ ఒరిసిందో తొడిగినవారే చెబుతారు. రెడీమేడ్ బట్టల పోటీకి మిషన్లు మూలపడుతున్న దర్జీలకు ఏడాది పొడవునా కాస్త పని దొరుకుతుంది.

అధికారులు కదిలేలోగా ఊళ్లో చేయగలిగినది ఒకటి వుంది. మీ ఇంటి పిల్ల గుట్టెక్కే శిక్షణకు ఎంపికైతే, లేదా మీ ఇంటి మగమనిషి రోజూ తాటిచెట్టు ఎక్కేవాడైతే, ఈసారి దర్జీ దగ్గర నిటారుగా నిలబడి కొలతలు ఇచ్చి రావద్దు. ఒక కాలు కుర్చీ మీద పెట్టి ఇవ్వండి. దర్జీ అడిగితే కారణం చెప్పండి.